అరవై ఒక్క పొగడ్తలు

మేము ఆ ఆఫీసు మెట్లెక్కేసరికి పది గంటల నలభై రెండు నిమిషాలైంది. నా చేతి గడియారం చెప్పిన లెక్క అది. ఇరవై రెండేళ్లు గడియారాలు విప్పి బిగించిన చేతులు నావి. సెల్‌ఫోన్లు వచ్చి జనం మణికట్టు చూసుకోవడం మానేశాక, నా పొట్ట మీద కొట్టిన ఆ వస్తువును రోజూ తిట్టుకుంటూ కొట్టు మూసేసి, మా అన్నయ్య భార్య దగ్గర పనిలో చేరాను. ఆవిడ డిటెక్టివ్. లోకానికి మేడమ్, నాకు వదిన.

నా కోపం సంగతి తెలిసి కూడా ఆ రోజు ఆవిడ నన్ను ఫోన్ యాప్ తయారుచేసే ఆఫీసుకే లాక్కొచ్చింది. యాప్ పేరు 'మందుల గంట'. రోజూ మాత్రలు వేసుకోవలసినవాళ్ల ఫోన్‌లో వేళకు గంట మోగుతుంది. మాత్ర వేసుకుని 'వేసుకున్నాను' అన్న పచ్చ మీట నొక్కాలి. నొక్కకపోతే ఆఫీసు నుంచి ఒక మనిషి ఫోన్ చేసి, ఏమైంది, బాగానే ఉన్నారా అని పలకరిస్తుంది. ముప్పై వేల మంది వాడుతున్నారు. వాళ్లలో చాలామందికి ఆ గంట తప్ప గుర్తుచేసే దిక్కు లేదు.

అంతకు ముందు రోజు, సోమవారం ఉదయం, రెండు గంటల లోపల ఆ యాప్‌కు నాలుగు వందల ఒక్క రివ్యూలు వచ్చిపడ్డాయి. అన్నీ ఐదు నక్షత్రాలవే. మామూలుగా రోజుకు నాలుగొస్తే గొప్ప. అవన్నీ డబ్బిచ్చి రాయించుకున్నవని, యాప్‌లన్నీ దొరికే స్టోర్ వాళ్లకు ఎవరో పేరు లేని ఫిర్యాదు పంపారు. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు లోపల సంజాయిషీ చెప్పుకోలేకపోతే యాప్ తీసేస్తామని, ఆఫీసు రికార్డులన్నీ ఇక ఎవరూ తెరవకుండా సీలు వేస్తామని స్టోర్ నుంచి నోటీసు వచ్చింది.

యజమాని గుమ్మంలోనే ఎదురయ్యాడు. ముప్పై దాటని మనిషి, రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు. జనం చేత రివ్యూలు రాయించే పని తన అక్కదేనని, ఆవిడ తప్ప ఆ పనిలో ఇంకెవరూ చెయ్యి పెట్టరని గొంతు తగ్గించి చెప్పాడు.

"మా అక్క అలాంటి పని చెయ్యదని చెప్పాలనే ఉంది మేడమ్. కానీ నాలుగు వందలంటే... నాకే నోరు రావడం లేదు."

"నన్ను పిలిచింది యాప్ కోసమా, అక్క కోసమా?" అంది వదిన.

అతను తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. వదిన నోటు పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆవిడ సమాధానాల కంటే, సమాధానం రాని ప్రశ్నలనే ఎక్కువ రాసుకుంటుంది.

లోపల ఒకటే పెద్ద గది. ఐదు బల్లలు, ఐదు కుర్చీలు. వాటిలో ఒక కుర్చీలో మా పాత చుట్టం కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. స్టోర్ తరఫున విచారణకొచ్చిన పరిశీలకుడు. మా ఇంట్లో అతనికి 'స్టాంపు' అని పేరు, ఎందుకంటే అతను తీర్పు ముద్ర ముందు కొట్టి, దాని కింద కారణాలు తర్వాత రాసుకుంటాడు. ఇంతకు ముందు రెండు కేసుల్లో వదినతో తలపడ్డాడు. తెలివైనవాడే, అది ఒప్పుకోవాలి. కాకపోతే తన తెలివి మీద అతనికి మనకంటే ఎక్కువ నమ్మకం.

"రండి మేడమ్. మీకోసం ఏమీ మిగల్చలేదు, క్షమించాలి" అన్నాడు. చేతిలో టాబ్లెట్ ఉంది. పన్నెండు కొట్టగానే దాని మీద ఒక్క మీట నొక్కితే యాప్ కథ ముగుస్తుంది.

వదిన అతనికి నమస్కారం పెట్టి, గదిలో అన్నిటికంటే పొట్టి కుర్చీ లాక్కుని యజమాని అక్క ఎదురుగా కూర్చుంది. అదొక పద్ధతి. ఎదుటివాళ్లు తల దించి మాట్లాడితే నిజం తొందరగా దిగుతుందంటుంది.

ఆ అక్కకు నలభై అయిదేళ్లుంటాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని తిన్నగా కూర్చుంది. పద్నాలుగేళ్లు ఆసుపత్రి వార్డులో నర్సు. ఏ గంట ఎప్పుడు మోగాలో నిర్ణయించేది ఆవిడే కాబట్టి ఆఫీసులో గంటమ్మ అంటారు. ఆ పేరు ఈ నాలుగు గోడలు దాటదని, బయటివాళ్లకు రాసే ప్రతి జవాబు కింద 'నర్సు' అని మాత్రమే పెడతానని ఆవిడే చెప్పింది.

జనం చేత మెచ్చుకోలు రాయించడం ఎలాగని వదిన అడిగింది. నాకు నవ్వొచ్చింది గాని, జవాబు విన్నాక ఆగిపోయింది.

"వార్డులో సూది గుచ్చుతూ ఎలా ఉందని అడిగితే తిడతారండి. నొప్పి తగ్గి, దిండు మీద తల ఆనించినప్పుడు అడిగితే మనసులో మాట చెబుతారు. ఇక్కడా అంతే. గంట మోగగానే అడగను. మాత్ర వేసుకుని మీట నొక్కాక అడుగుతాను. అదీ ఏడు రోజులు వరుసగా మందు తప్పనివాళ్లనే. ఒక్కసారే. వద్దంటే మళ్లీ జన్మలో అడగను."

ఐదు నక్షత్రాలు ఇమ్మని అడుగుతారా అంది వదిన. లేదట. 'ఎలా ఉందో చెప్పండి' అన్న మూడు ముక్కలే. బాగుంటే బాగుందని, లేకుంటే లేదని రాస్తారు, రెండూ ఒకే చోటికి వెళతాయి. మెచ్చుకునేవాళ్లను స్టోర్‌కు పంపి, తిట్టేవాళ్లను పక్క దారి పట్టించే యాప్‌లు చాలా ఉన్నాయని, అలా చెయ్యమని ఇద్దరు సలహాదారులు చెబితే వాళ్లకు టీ ఇచ్చి పంపేశానని కూడా చెప్పింది.

స్టాంపు ఊరుకోలేదు. మందు తప్పనివాళ్లనే అడగడం మాత్రం ఏరుకోవడం కాదా, మరిచిపోయినవాడి అభిప్రాయం అక్కర్లేదా అన్నాడు. మంచి ప్రశ్నే.

"మరిచిపోయినవాణ్ణి అడగాల్సింది మెప్పు కాదండీ, క్షేమం" అంది గంటమ్మ. "అందుకే వాళ్లకు ఫోన్ చేస్తాం. వాళ్లూ రాస్తారు, వారం నిలబడ్డాక."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఎప్పుడు అడగాలో తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? నా కొట్లో ఇరవై రెండేళ్లలో వేల గడియారాలు బాగుచేశాను. ఒక్కరినీ ఎలా ఉందని అడగలేదు. అడిగి ఉంటే కొట్టు ఇంకా ఉండేదేమోనని ఆ క్షణం నిజంగా అనిపించింది, ఆవిడ మీద గౌరవం కలిగింది.

ఆవిడ బల్ల వెనక గోడకు చేతిరాతతో కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. 'నొప్పిలో ఉన్నవాణ్ణి అడగొద్దు.' 'మన పని కాకముందు అడగొద్దు.' బల్ల మీద మూడు లావుపాటి నోటు పుస్తకాలు. వచ్చిన ప్రతి రివ్యూకూ ఆవిడ సొంత చేత్తో జవాబు రాస్తుంది, ముందు పుస్తకంలో చిత్తు రాసుకుని ఆ తర్వాత ఎక్కిస్తుంది. రెండేళ్లలో మూడు వేల జవాబులు, ఏ రెండూ ఒకలా లేవు. మోకాలి నొప్పి తగ్గిందన్నవాడికి మెట్లు మెల్లగా ఎక్కమని, మనవరాలు ఫోన్ నేర్పిందన్న ఆవిడకు మనవరాలి చేతికి ముద్దు పెట్టమని రాసింది. నేను నాలుగు పేజీలు తిప్పి, ముక్కు చీదుకోవాల్సి వచ్చి పుస్తకం మూసేశాను.

పక్క బల్ల ఖాళీగా ఉంది. కుర్చీలో మెత్తని దిండు, బల్ల మీద చెవులకు పెట్టుకునే ఫోన్ పరికరం. మందు మరిచినవాళ్లకు ఫోన్ చేసి పలకరించే అమ్మాయిదట ఆ చోటు. ఆఫీసులో పలకరింపులమ్మాయి అంటారు. ఈ రోజు తలనొప్పని సెలవు పెట్టింది. చాలా మంచి పిల్ల, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను ఆదివారాలు ఇంటికెళ్లి చూసొస్తుందని గంటమ్మ మెచ్చుకుంటూ చెప్పింది.

"అసలు సంగతికి వద్దాం" అన్నాడు స్టాంపు. పదకొండు పద్దెనిమిది. "రోజుకు నాలుగొచ్చే చోట రెండు గంటల్లో నాలుగు వందలు. నిప్పు లేనిదే పొగ రాదు మేడమ్."

"పొగ వచ్చింది సరే. ఊదింది ఎవరో చూడాలిగా" అని, వదిన గంటమ్మ వైపు తిరిగింది. "వారం లెక్క ఎప్పటి నుంచి మొదలుపెట్టావమ్మా?"

గంటమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. ఆవిడ ముఖం మెల్లగా ఎర్రబడింది. అంతకు ముందు సోమవారం యాప్‌కు కొత్త అప్‌డేట్ ఇచ్చారు. పాత లెక్కలు చెరిపేసి అందరికీ ఆ రోజునే ఒకటో రోజుగా పెట్టింది. వార్డులో కొత్త చార్టులు అలాగే మొదలుపెడతారు, మంచాలన్నిటికీ ఒకే రోజు. పద్నాలుగేళ్ల అలవాటు. దాంతో మందు తప్పనివాళ్లందరికీ ఏడు రోజులు ఒకేసారి నిండాయి, సోమవారం పొద్దున అందరినీ ఒకేసారి అడిగినట్టయింది. వేల మందిని అడిగితే కొన్ని వందల మంది రాశారు. విడివిడిగా రావాల్సిన మెప్పంతా ఒక్క పూటలో కట్ట తెగినట్టు వచ్చింది.

"తప్పు నాదేనండీ. మోసం కాదు గాని, తప్పే" అంది గంటమ్మ. తమ్ముడి వైపు చూడలేదు. అతనూ ఇటు చూడలేదు.

స్టాంపు నిట్టూర్చాడు. ఆ వివరణ అతనికి నచ్చింది, అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. వాటిలో కొన్నిటిని చదివిస్తే ఎవరైనా నవ్వుతారంటూ టాబ్లెట్‌లో వెతికి చదివాడు. 'అద్భుతం.' 'చాలా బాగుంది.' 'అందరూ వాడండి.' 'అద్భుతం' మళ్లీ. ఇవి మనుషులు రాసినవేనా అన్నాడు.

గంటమ్మ తల అడ్డంగా ఊపింది. నిన్న జవాబులు రాయడానికి కూర్చుంటే తనకూ అక్కడే కలం ఆగిందట. మందు పేరు లేదు, నొప్పి లేదు, మనిషి లేడు, ఎవరికి ఏమని రాయాలి? వాటిని వదిలి మిగతావాటికి రాస్తుంటే నోటీసు వచ్చింది.

వదిన స్టాంపును ఒక్కటే అడిగింది. ఆ రివ్యూలు వచ్చిన వేళలు సెకన్లతో సహా కావాలంది. అతను పోనీలే అన్నట్టు టాబ్లెట్ ఇటు తిప్పాడు. వదిన దాన్ని నా ముందుకు జరిపింది.

"ఏమయ్యా మరిదీ, గడియారాల డాక్టరువి కదా, నాడి చూడు" అని, తను మాత్రం మిగతా రివ్యూల అచ్చు కాగితాలు ముందేసుకుని చదవసాగింది.

నేను కళ్లజోడు పెట్టుకున్నాను. ఎనిమిది గంటల నుంచి వచ్చిన మూడు వందల నలభై చక్కగా చిందరవందరగా ఉన్నాయి. ఎనిమిదీ ఒకటికి ఆరు, ఆ తర్వాత మూడు నిమిషాలు ఏమీ లేవు, మళ్లీ గుంపుగా పది. మనుషులు అలాగే ఉంటారు. ఒకరు నీళ్లు తాగి రాస్తారు, ఒకరు కళ్లజోడు వెతుక్కుని రాస్తారు. వాటికి ముందు మాత్రం ఏడూ ఇరవైకి ఒకటి, ఇరవై సెకన్ల తర్వాత ఇంకొకటి, మళ్లీ ఇరవై సెకన్లకు ఇంకొకటి. సరిగ్గా ఏడూ నలభైకి ఆఖరిది. మొత్తం అరవై ఒకటి. 'అద్భుతం'లన్నీ అందులోనే ఉన్నాయి.

"ఇది మనుషుల పని కాదు వదినా. మరబొమ్మ. ఇంత ఖచ్చితంగా నా చేతి గడియారం కూడా కొట్టుకోదు" అన్నాను.

"ఏడూ ఇరవైకా?" గంటమ్మ కుర్చీలోంచి లేచింది. "ఎనిమిదికి ముందు ఎవరికీ ఆ ప్రశ్న కనబడదండీ. పరగడుపున అడిగితే మంచివాళ్లు కూడా విసుక్కుంటారని, ఎనిమిది దాటాకే అడగాలని శనివారం సాయంత్రం రూలు మార్చాం. ఆరు గంటలైంది. అందరూ వెళ్లిపోయారు. నేను చెబుతుంటే మా తమ్ముడే టైప్ చేశాడు."

అంటే ఆ అరవై ఒకటీ అడగకముందే వచ్చిన జవాబులు. పిలవని పేరంటాలు. వదిన అచ్చు కాగితాల్లోంచి తలెత్తకుండానే చెప్పింది: వీటిని పంపినవాళ్లకు సోమవారం పొద్దున వరద వస్తుందని తెలుసు, ఎనిమిది గంటల రూలు తెలియదు. బయటివాళ్లకు మొదటిది తెలిసే వీల్లేదు. శనివారం సాయంత్రం దాకా ఉన్నవాళ్లకు రెండోది తెలియకుండా ఉండదు. మంచి రివ్యూల్లో దొంగ రివ్యూలు కలిపి, కుండెడు పాలనూ విరగ్గొట్టినట్టు అన్నిటినీ పాడుచెయ్యాలని చూసింది ఈ గదిలో పనిచేసే మనిషే, అదీ ఆరు లోపల ఇంటికెళ్లిన మనిషి.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మేడమ్" అన్నాడు స్టాంపు. ఈసారి గొంతులో వెటకారం తగ్గింది. అయినా మొండిగా అన్నాడు. "ఇది మీ ఊహ. నాకు పన్నెండు లోపల కాగితం మీద కావాలి. ఎందుకు చేస్తారు? వాళ్ల కూడు వాళ్లే పారబోసుకుంటారా?"

"అదే నాకూ అర్థం కాలేదు. అందుకే చదువుతున్నాను."

"పొగడ్తల్లో ఏముంటుంది చదవడానికి?"

"మీరూ అలాగే అనుకున్నారు. వాళ్లూ అలాగే అనుకుని ఉంటారు" అంది వదిన. "తిట్టయితే అందరూ ఎగబడి చదువుతారు. మెచ్చుకుంటే నక్షత్రాలు లెక్కపెట్టుకుని పక్కన పెడతారు."

మూడు వందల నలభై పొగడ్తలను ఆ హడావుడిలో వరుసగా చదవగలిగే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉంటారని నేననుకోను. మా అన్నయ్య అదృష్టం గురించి నాకు చాలాసార్లు అసూయ కలిగింది. గడియారం పదకొండూ నలభై ఆరు చూపిస్తుండగా వదిన వేలు ఒక కాగితం మీద ఆగింది. ఆ కాగితాన్ని గంటమ్మకు ఇచ్చి పైకి చదవమంది.

రాసింది ఒక రిటైరైన స్కూలు టీచరు. సోమవారం ఎనిమిదీ నలభై ఒకటికి. గంటమ్మ చదివింది.

"'ఐదుకు ఐదు మార్కులు వేస్తున్నాను. నేను ఎవరికీ ఊరికే వెయ్యను. ఇదివరకు తెల్ల మాత్ర పొద్దున ఒకటే వేసుకునేదాన్ని. అయిదు రోజుల నుంచి మధ్యాహ్నం పన్నెండుకు కూడా గంట మోగి రెండోది గుర్తుచేస్తోంది. ఇన్నాళ్లూ నేనే మరిచిపోయానేమో. పళ్లు తోముకుంటే కాస్త రక్తం వస్తోంది గాని, మందు మాత్రం ఒక్క పూట తప్పలేదు. మీ గంటకు నా ఆశీస్సులు.'"

చదవడం పూర్తయ్యేసరికి గంటమ్మ గొంతు నర్సు గొంతుగా మారిపోయింది. ఒక్క అంగలో కంప్యూటర్ దగ్గరికెళ్లి టీచరమ్మ పేరు తెరిచింది. తెల్ల మాత్ర రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే మందు. డాక్టరు రాసింది రోజుకు ఒకటి. రెండైతే లోపల ఎక్కడైనా రక్తం కారడం మొదలవుతుంది, ఆగదు. చిగుళ్లు అప్పుడే చెబుతున్నాయి. నిన్నటితో ఆరు రోజులు. ఇవాళ ఏడోది.

"ఎవరు మార్చారు?" అన్నాడు స్టాంపు. కాళ్లు నేలకు దిగాయి.

మార్పుల పట్టికలో అదీ ఉంది. గత మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవై నిమిషాలకు, ఇదే ఆఫీసులో, యజమాని పాస్‌వర్డుతో. మిగతా ముప్పై వేల మందిలో ఒక్కరి మందూ మారలేదు. ఆవిడది ఒక్కటే.

యజమాని తన పేరును తెర మీద చూస్తూ నిలబడ్డాడు. పొద్దున అక్క గురించి అతను చెప్పలేకపోయిన మాట, ఇప్పుడు తన గురించి తనే చెప్పుకోలేకపోతున్నాడు.

"మా తమ్ముడు కాదు" అంది గంటమ్మ.

తెర మీదే పేరుంది కదా అన్నాడు స్టాంపు.

"ఉంటే ఉండనివ్వండి. వాడు కాదు." తల కూడా తిప్పలేదు. "ఒరే, నిలబడి చూస్తావేంట్రా, ముందు ఆ రెండో గంట తీసెయ్."

అతను అక్కా అని ఒక్క మాట అని, కళ్లు తుడుచుకుని, కుర్చీలో కూర్చున్నాడు. యాప్ కోసమా, అక్క కోసమా అని గుమ్మంలో వదిన అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు దొరికిందని నాకర్థమైంది. వదిన మాత్రం స్టాంపుకు లెక్క అప్పజెప్పింది. ఎనిమిది గంటల రూలు తన వేళ్లతో టైప్ చేసినవాడు ఏడూ ఇరవైకి దొంగ రివ్యూలు పంపడు. భోజనానికి వెళుతూ అతను తెరిచి వదిలేసిన కంప్యూటర్‌లో ఇంకెవరో చెయ్యి పెట్టారు. టీచరమ్మకు ఏదైనా అయ్యాక రికార్డు ఎవరైనా చూస్తారన్న భయం ఉంటుంది కాబట్టి, ముందే యాప్‌ను పడగొట్టి రికార్డులకు సీలు వేయించాలని చూశారు. ఆ సీలు వెయ్యడానికి మిమ్మల్నే పిలిపించారు అని ముగించింది.

స్టాంపు ముఖం మాడింది. తన ముద్రను ఇంకొకరు వాడుకున్నారన్న సంగతి అతనికి బాగా తగిలింది.

పదకొండూ యాభై ఆరు. ఇక్కడ సరిచేసిన మార్పు ఆవిడ ఫోన్‌కు చేరడానికి అరగంట పడుతుందన్నాడు యజమాని. గంట నాలుగు నిమిషాల్లో మోగుతుంది. వదిన నా డొక్కు బటన్ల ఫోన్ లాక్కుని, టీచరమ్మ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

ఎత్తింది ఒక ఆడగొంతు. వయసు మీద పడిన గొంతు కాదు.

"అమ్మగారు లోపలున్నారండీ. మందు వేళైంది, నీళ్లు పడుతున్నాను."

మీరెవరమ్మా అంది వదిన, చాలా మామూలుగా.

"నన్ను గంటమ్మ అంటారండీ. మందుల గంట ఆఫీసు నుంచి వచ్చాను."

అసలు గంటమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. కళ్లు మాత్రం మెత్తని దిండున్న పలకరింపులమ్మాయి ఖాళీ కుర్చీ వైపు తిరిగాయి. ఎవరని నేను అడగనక్కర్లేకపోయింది. ఆ పేరు ఈ నాలుగు గోడలు దాటదు, గొంతు ఆ ఆఫీసువాళ్లకు తెలిసిందే.

వదిన రెప్ప వెయ్యలేదు. తను యాప్ స్టోర్ నుంచి మాట్లాడుతున్నానని, అమ్మగారు ఎంతో మంచి రివ్యూ రాశారని, ఆవిడకు స్వయంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలని, ఒక్క నిమిషం ఇవ్వమని తీయగా అడిగింది. పొగడ్త అంటే అక్కడా ఎవరికీ అనుమానం రాలేదు. కాసేపటికి టీచరమ్మ గొంతు వినిపించింది. వదిన ఫోన్‌ను గంటమ్మ నోటి దగ్గరికి తెచ్చింది, మేమంతా ఆ ఫోన్ చుట్టూ తలలు పెట్టాం.

"అమ్మా, నేను జవాబులు రాసే నర్సుని. మీరేమీ అనకండి, ఊ కొట్టండి చాలు. మీ పక్కనున్న మనిషి నేను కాదు. ఆ రెండో మాత్ర మీకు రాసింది కాదు, మింగకండి. గంట మోగగానే పచ్చ మీట మాత్రం నొక్కండి. మేం వస్తున్నాం."

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అలాగేనమ్మా" అంది టీచరమ్మ, క్లాసులో మాట్లాడినట్టు నిదానంగా. "రాసింది మళ్లీ దిద్దడం నాకు అలవాటేలే."

ఫోన్ పెట్టేసింది. పన్నెండు కొట్టింది. యజమాని తెర మీద టీచరమ్మ పేరు పక్కన గంట బొమ్మ ఊగడం మొదలైంది. ముప్పై ఎనిమిది సెకన్లకు పచ్చ గుర్తు వెలిగింది. 'వేసుకున్నాను.' మీట నొక్కిందని తెలిసింది. మాత్ర నోట్లో ఉందో చేతిలో ఉందో చెప్పే యంత్రం ఆ గదిలో లేదు. గంటమ్మ ఆ పచ్చ గుర్తును చూస్తూ ఏవో అంకెలు గొణుగుతోంది. నాడి లెక్కపెడుతోందని తర్వాత తెలిసింది, తనదే.

స్టాంపు టాబ్లెట్ గుర్తుచేసింది: గడువు ముగిసింది, నొక్కండి అని. అతను నొక్కలేదు. ఆ మాటను వేలితో పక్కకు తోసి, జేబులోంచి కారు తాళం తీశాడు, రెండో చేత్తో పోలీసులకు ఫోన్ కలిపాడు. చిరునామా రికార్డులో ఉంది. కారులో పన్నెండు నిమిషాల దూరం. ఆ మనిషి మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

మేం గుమ్మం దాటుతుండగా అతని టాబ్లెట్ మళ్లీ మోగింది. స్టోర్‌కు వచ్చే రివ్యూలన్నీ బయటికి కనబడక ముందు దాంట్లోకే వస్తాయి. ఎవరో పాత రివ్యూను దిద్దారు. టీచరమ్మ. ఐదు నక్షత్రాలు కొట్టేసి ఒక్కటి పెట్టింది. కింద మూడే వాక్యాలు. 'మాత్ర గుప్పిట్లో ఉంది. మీట నొక్కేసరికి మింగానని నమ్మింది గాని, తలుపు గడియ పెట్టి, నా బీరువా తాళాలు చేతిలో పట్టుకుని, నేను నిద్రపోవాలని ఎదురుచూస్తోంది. త్వరగా రండి.'

స్టాంపు దాన్ని అందరికీ చూపించాడు. యాప్ పుట్టిన ఈ రెండేళ్లలో దానికి వచ్చిన మొట్టమొదటి ఒంటి నక్షత్రం అదేనట. గంటమ్మ ఆ టాబ్లెట్‌ను రెండు చేతులా పట్టుకుని ఒక్క క్షణం గుండెకు ఆనించుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని, మా అందరికంటే ముందు మెట్లు దిగింది.